కొండ రూటు

ఇరవై రెండేళ్లుగా ఈ బస్సు నాదే.
ప్లాయా ఆంచా మీంచి రేవు దాకా, రేవు నుంచి మళ్ళీ పైకి.
వాల్పరైసోలో నలభై పైచిలుకు కొండలంటారు
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు
నా బ్రేకు లెక్కపెట్టే ఉంటుంది.

ఈ శీతాకాలం నుంచీ నా లెక్కలు వేరు.
మార్కెట్టు మలుపులో ఓర్తెన్సియా రొట్టెల కొట్టు,
వెనక గది తాళంచెవి మేకుకి వేలాడుతుంది, అడగక్కర్లేదు.
ఫైర్ స్టేషన్ తలుపు తెరిచే ఉంటుంది
కానీ కుక్కుంది.
పెట్రోలు బంకువాడు సరిపడా చిల్లరిమ్మంటాడు
ఆ క్షణాన జేబులు వెతుక్కునే ఓపికున్నవాడికి
అసలా గదితో పనేముంది?

"కడుపు కాస్త తిప్పుతుంది, అలవాటైపోతుంది"
అంది ఆసుపత్రిలో నర్సు యాస్నా, మాత్రల పెట్టె నా వైపు జరుపుతూ.
కాస్త!
ఆ మాటని గుండ్రంగా చుట్టి నా సీటు కింద పెట్టుకుని
రోజూ ఎనిమిది గంటలు కూర్చున్నాను.

దానికి తోడు నాలుక.
కాఫీలో రాగి, చేపల పులుసులో రాగి,
ఎదెల్మీరా ముద్దు పెడితే అందులోనూ రాగే.
రాగి తవ్వుకుని బతికే దేశం మాది
ఉత్తరాన ఎడారిలో ఉండాల్సిన గని
నా దవడ కింద ఎవరు తెరిచారో.

మానేశాను. ఒప్పుకుంటాను.
పదిహేను రోజులు మాత్రల్ని టికెట్ల డబ్బాలో వేశాను
ప్రయాణం చెయ్యని ప్రయాణికుల్లా.
కడుపు కుదుటపడింది. హాయిగా ఈల కూడా వేశాను.
పదహారో రాత్రి ఎదురొచ్చే లారీకి
నాలుగు దీపాలు కనిపించాయి.
మా అన్న రిగోబెర్తో గుర్తొచ్చాడు,
జత బూట్లు కొని
ఎడమది కొట్లోనే వదిలేసి వచ్చేవాడు.

మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడే ఆ మంగళవారం.
నిలువు వాలు, బస్సు నిండా జనం, రొట్టెల కొట్టు ఇంకా మూడు మలుపులు.
మూడు మలుపులు నావల్ల కాదు.
హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద రాయి పెట్టి
ఎదురుగా ఏ తలుపుంటే ఆ తలుపులోకి దూరాను.
లోపల శవపేటికలు.
వాటి మధ్య నల్లకోటు ఎవారిస్తో, మధ్యాహ్నం కునుకులోంచి లేచి,
వేలితో దారి చూపించాడు.
బయటికొచ్చాక అన్నాడు:
"నలభై ఏళ్ళ కొట్టు బాబూ,
ఇందులోకి పరుగెత్తుకుంటూ వచ్చినవాడివి నువ్వొక్కడివే."
ఆ తర్వాత, గొంతు తగ్గించి,
"పొద్దున రెండా, ఒకటా? నాకు రెండు.
ఖాళీ కడుపున వేసుకోకు. సగం రొట్టె, మాత్ర, మిగతా సగం.
నెమ్మదిగా కరిగే రకం ఒకటుంది, అడుగు. అడగందే చెప్పరు."

బస్సు దగ్గరికి తల దించుకునే వెళ్ళాను
తిట్లు ఏ భాగంలోంచి మొదలవుతాయో అనుకుంటూ.
ఎవరూ దిగలేదు.
యూనిఫాంలో ఒక స్కూలు పిల్లాడు మెట్టు మీద నిలబడి
కొత్తగా ఎక్కినవాళ్ళ డబ్బు తీసుకుని
నాణేల్ని డాష్‌బోర్డు మీద పెద్దవీ చిన్నవీ విడివిడిగా పేర్చాడు.
ముందు సీట్లో ముసలావిడ కిటికీలోంచి సముద్రాన్నే చూస్తోంది
అంత శ్రద్ధగా సముద్రాన్ని ఎవరూ చూడరు.
నేను చాలాసేపు ఇంజను స్టార్ట్ చెయ్యలేదు.

యాస్నాని అడిగాను. మందు మార్చింది.
రాగి ఇంకా పోలేదు, పల్చబడింది.
కుక్కకి నేను పరిచయమయ్యాను, ఇప్పుడు అవసరం తక్కువే అయినా.

నెల తర్వాత ఒక పొద్దున
సిగ్గు విడిచి చెప్పాల్సిందే
మింగిన మాత్ర మింగినట్టే బయటికొచ్చింది.
హడలిపోయి ఫోన్ చేశాను: పనిచెయ్యడం లేదమ్మా, అలాగే వచ్చేసింది!
యాస్నా నవ్వు ఆపుకోలేకపోయింది.
"మందంతా లోపలే దిగిపోయింది నిబాల్దో,
అది ఉత్త డొల్ల."

ఆ రాత్రి ఆఖరి ట్రిప్పు ముగించి
దీపాలు ఆర్పి, సీట్ల మధ్య నడిచాను.
ఒక గొడుగు, సగం తిన్న ఆపిలు, ఇంకా వెచ్చగా ఉన్న చివరి సీటు.
అందర్నీ ఎక్కడివాళ్ళని అక్కడ దించేసి వచ్చిన బస్సు.
దాన్ని పాడైపోయిందని
ఎవరైనా అంటారా?